పసుపు రాయికి అయిదు మార్కుల కోత

మున్సిపాలిటీల్లో పార్కుల పనికి కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మొన్న మా ఇంటికి వచ్చారు. టీ తాగారు. మా పెరట్లో నిమ్మచెట్టుకు పట్టిన తెగులు పేరు చెప్పలేకపోయారు. చివరికి అసలు సంగతి బయటపెట్టారు. "సార్, ఉత్తమ పార్కు బహుమతి రావాలంటే ఏం చెయ్యాలి? రెండు ముక్కల్లో చెప్పండి."

రెండు ముక్కల్లో చెప్పగలిగే పనికి ముప్పై మూడేళ్ళు ఎందుకు పడతాయి? ఇంటికి వెళ్ళండి, రాసి పంపుతానని చెప్పాను. ఇదే ఆ రాత. ఇందులో నా ప్రమోషన్లు ఉండవు. అవి ఎలా వచ్చాయో నాకే సరిగ్గా తెలియదు. ఫైళ్ళ సంగతీ ఉండదు, వాటిని చెదలు నా కంటే శ్రద్ధగా చదివాయి. నేను చేసిన ఒక పెద్ద తప్పు మాత్రం ఉంటుంది. ఆ తప్పు చేయడానికి నాకు చాలా చదువు కావలసి వచ్చింది.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని చిన్నా పెద్దా పట్టణాల్లో ఉద్యాన పర్యవేక్షకుడిగా పనిచేశాను. ఎదురుగా "మొక్కల బాబు" అనేవారు. వెనక మాత్రం "దేవుడు లేని బాబు" అనేవారు. రెండోదే నాకు ఎక్కువ ఇష్టం. పద్దెనిమిదో ఏట నుంచీ హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. జాతకం, వాస్తు, దిష్టిబొమ్మ, ఏది ఎదురైనా బల్ల గుద్ది వాదించేవాణ్ణి. నా పెళ్ళిలో కూడా బొట్టు పెట్టించుకోలేదు. మా అత్తగారు ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు.

ఊళ్ళు తిరిగిన కుండీలు

ముందు ఈ బహుమతి అంటే ఏమిటో చెప్పాలి. ఏటా ఎండాకాలం చివర ఒక కమిటీ జిల్లాలోని పార్కులన్నీ తిరిగి చూస్తుంది. చేతిలో వంద మార్కుల పట్టీ ఉంటుంది. పచ్చికకు ఇన్ని, శుభ్రతకు ఇన్ని, బల్లలకు ఇన్ని. పర్యావరణ దినోత్సవం నాడు గెలిచిన పట్టణానికి షీల్డు ఇస్తారు. ఆ షీల్డు చుట్టూ ఆకుల దండ ఒకటి ఉంటుంది. ఆ ఆకులు ప్లాస్టిక్‌వి. ఇది నేను కల్పించింది కాదు, గోరుతో గీకి చూశాను.

ఒక ఏడు నన్ను కూడా కమిటీతో తిప్పారు. మొదటి పార్కు గేటు దగ్గర రెండు వరసల కాగితపు పూల మొక్కల కుండీలు. వాటిలో ఒకదాని అంచు విరిగితే తీగ చుట్టారు. బాగుంది, పాత కుండీని పారేయకుండా వాడుకుంటున్నారని మెచ్చుకున్నాను. దారిలో టీ తాగి రెండో ఊరు చేరాం. అక్కడా గేటు దగ్గర రెండు వరసల కుండీలు. అక్కడా ఒకదానికి తీగ. మూడో ఊళ్ళో బండి దిగగానే నేను నేరుగా ఆ కుండీ దగ్గరికి వెళ్ళి, "ఏమ్మా, ముందే వచ్చేశావా?" అని పలకరించాను.

కాపలాదారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడి మొహంలో దాపరికం ఏమీ లేదు. "మీరు టీకి ఆగినారు గదా బాబూ, ఆ సందులో వేన్లో ఏసి తెచ్చీసినాం. మీరు టీ తాగకపోతే మా పని అయిపోను" అన్నాడు.

కమిటీ పెద్ద ఆ మాట వినలేదు, లేదా వినకూడదని నిర్ణయించుకున్నాడు. ఆ ఏడు ఆ మూడు పార్కులకూ పూల కుండీల పద్దు కింద సమానంగా మార్కులు పడ్డాయి. న్యాయమే కదా, కుండీలు ఒకటే.

అయినా బహుమతులు వద్దనను. ఏడాదికోసారైనా ఎవరో వచ్చి చూస్తారన్న భయం లేకపోతే మన పార్కుల్లో సగం ఇసుక గుట్టలకూ, తుప్పు పట్టిన చెత్త బళ్ళకూ నిలయాలవుతాయి. మనిషి అద్దంలో చూసుకుంటేనే తల దువ్వుకుంటాడు. అద్దం సరిగ్గా ఉండాలి, అంతే.

అద్దం సరిచేసే అవకాశం నాకే వచ్చింది. మరుసటి ఏడు పట్టీకి సవరణలు సూచించమన్నారు. నేను ఒకే ఒక సవరణ రాశాను. "పార్కులో పూజలందుకొనే రాయి గాని, బొమ్మ గాని, మరే గుర్తు గాని ఉన్నచో అయిదు మార్కులు కోత." ఎందుకంటే పార్కులో దేవుడు ఎలా పెరుగుతాడో నేను కళ్ళారా చూశాను. ముందు రాయి. రాయికి పసుపు. తరవాత రేకుల షెడ్డు, షెడ్డుకు మైకు. మైకు వచ్చాక బల్లలు పోతాయి, పిల్లల జారుడుబల్ల పోతుంది, చివరికి పార్కే పోతుంది. నా సవరణను అక్షరం మార్చకుండా ఒప్పుకున్నారు. నేను వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆ వాక్యాన్ని మీరు గుర్తుపెట్టుకోండి. దానితో మళ్ళీ పని ఉంది.

మధ్యాహ్నపు ముహూర్తం

రాజాం దగ్గర ఒక చిన్న పట్టణానికి నన్ను బదిలీ చేశారు. పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు ఫోను చేసి ఇంకా చాలా గుర్తుచేస్తారు.

అక్కడి కమిషనరు చెడ్డవాడు కాదు. చలాకీ మనిషి. పంచాంగం మాత్రం జేబులోంచి దిగేది కాదు. నేను చేరిన సంవత్సరమే మొక్కలు నాటడానికి ముహూర్తం పెట్టించాడు. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి. "సార్, ఈ ఎండలో మనమే వాడిపోతాం. సాయంత్రం నాటుదాం" అన్నాను.

"సాయంత్రం రాహుకాలమయ్యా."

"రాహువు మొక్కలు తినడండీ. ఎండ తింటుంది."

నాటాం. నాలుగో రోజుకు అన్నీ ఎండి పుల్లలయ్యాయి. కమిషనరు గారు బాధపడి, "గడియారం రెండు నిమిషాలు ముందుందటయ్యా, అదీ తేడా" అన్నారు. తన ఓటమిని కూడా లెక్కలో కలుపుకోగల నమ్మకంతో వాదించి గెలవడం కష్టం. ఆ రోజు నేను నవ్వాను. ఏడాది తిరగకుండా నాకూ అదే గతి పట్టింది.

ఆ పట్టణంలో ఉన్నది ఒకటే పార్కు. ఉత్తరాన బట్టల కొట్ల వీధి, దక్షిణాన ధాన్యం మార్కెట్లో బస్తాలు మోసే కళాసీల కాలనీ. మధ్యలో ఎకరం పావు నేల. దాని మీద కమిషనరు గారికి వేరే ఆలోచన ఉండేది. ఆయన గది గోడకు ఒక దుకాణాల సముదాయం నక్షా అంటించి ఉండేది. ఓ రోజు నన్ను దాని ముందు నిలబెట్టి చెప్పారు.

"మూడేళ్ళుగా ఏ బహుమతీ రాలేదు. జనం అడిగితే ఏం చెప్పను? ఈసారి ఏదో ఒకటి తీసుకురా. కనీసం ప్రోత్సాహక బహుమతి. రాకపోతే కౌన్సిల్లో ఈ నక్షా పెట్టేస్తాను."

"మరి పార్కులో పనిచేసే పైడమ్మ?"

"మురిక్కాలవల జట్టులో మనుషులు తక్కువగా ఉన్నారు."

పైడమ్మ

పైడమ్మ ఆ పార్కుకు తోటమాలి, కాపలా, ఊడ్చే మనిషి, అన్నీ. యాభై దాటిన మనిషి. కళాసీల కాలనీలోనే ఇల్లు. దక్షిణపు గోడ వెంట రెండు వరసలుగా కానుగ, పొగడ మొక్కలు పెట్టింది. నేను చూసేనాటికి అవి నడుం ఎత్తు దాటాయి. పార్కు బోరు ఎండిపోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక వీధి కుళాయి, అది దక్షిణపు గేటు పక్కనే, లోపలివైపు. కాలనీ ఆడవాళ్ళందరూ పొద్దున్నే బిందెలతో అక్కడికే వస్తారు. ఆ కుళాయి పక్కన నిలువుగా పాతిన ఒక రాయి. రాయికి పసుపు, మూడు కుంకుమ బొట్లు. ప్రతి ఆడమనిషీ బిందె నింపుకున్నాక చెంబెడు నీళ్ళు రాయి మీద పోసి, దణ్ణం పెట్టి వెళ్ళేది.

నాకు కనిపించింది రాయి ఒక్కటే. అయిదు మార్కులు కనిపించాయి. నా సొంత నిబంధన కనిపించింది.

కమిషనరు గారు చెప్పిందంతా పైడమ్మకు చెప్పాను. ఆమె పార మీద గడ్డం ఆనించి విన్నది.

"నాకు కాలవ పని సేతకాదని కాదు బాబూ. మా అమ్మ అదే సేసినాది. ఈటిని ఎవలు సూస్తారు?" అని మొక్కల వైపు చూసింది.

"అందుకే ఈ రాయి తీసేయాలి" అన్నాను.

"అదుండనీ బాబూ. నీకేటి అడ్డు?"

ఆ ప్రశ్న నన్ను అడగకూడదు. నేను మొదలుపెట్టాను. ఆదిమానవుడు పిడుగుకు భయపడడం దగ్గర మొదలై, రాళ్ళకు పూజలు ఎలా వచ్చాయో, ఎవరు బాగుపడ్డారో, ఎవరు మోసపోయారో, పావుగంట సేపు చెప్పాను. పైడమ్మ మధ్యలో రెండుసార్లు నోరు తెరిచింది. చెయ్యెత్తి ఆపాను. చివరికి ఆమె, "అయిపోనాదా బాబూ?" అంది.

"అయిపోయింది."

"అయితే నాను ఊడ్సుకోవాల" అని చీపురు తీసుకుంది.

రాయిని నా చేతులతోనే తీయాలనుకున్నాను. కూలీలతో తీయిస్తే భయపడ్డానంటారు. శివరాత్రి వెళ్ళిన వారం, పొద్దున్నే గునపం పట్టుకుని దిగాను. ఆడవాళ్ళు బిందెలు దించి చుట్టూ మూగారు. వాళ్ళందరికీ పెద్దదిక్కు తవుడమ్మ అనే ముసలావిడ. ఆమె గొంతు మార్కెట్ దాకా వినిపిస్తుంది.

"ఓలమ్మ, ఈడు తల్లిని తవ్వీస్తన్నాడే! ఒరే బాబూ, నీ సెయ్యి ఇరిగిపోతాది!"

"విరిగితే నువ్వే చూస్తావుగా అవ్వా."

"ఆ తల్లి నేకపోతే ఈ మొక్కలు బతుకుతాయేటి? సూసుకో, పండగ నాటికి మాడి మసైపోతాయి!"

రాయిని పెకలించి, రెండు చేతులా ఎత్తి, సామాన్ల గది వెనక పడేశాను. చెయ్యి విరగలేదు. నడుం పట్టేసింది. అంత బరువు ఒక్కసారి ఎత్తితే నడుం పట్టడం భౌతికశాస్త్రం. కానీ ఆ మాట ఆ కాలనీలో ఎవరూ ఒప్పుకోరు కదా. వారం రోజులు కర్రలా నిటారుగా నడిచి, నొప్పి దాచుకున్నాను. బిగుసుకుపోయి తిరుగుతున్నాడు, గర్వం తలకెక్కిందని మా ఆఫీసులో చెప్పుకున్నారట.

మాడిన వరస

ఉగాదికి వారం ముందే కానుగలు ఆకు ముడిచాయి. పండగనాటికి పొగడల కొనలు నల్లబడ్డాయి. తవుడమ్మ ప్రతి పొద్దునా బిందె కుళాయి కింద పెట్టి, నాకు వినబడేలా లెక్క చెప్పేది. "ఇయ్యాల ఇంకొకటి పోనాది. తల్లి ఊరుకుంటాదేటి?"

నేను శాస్త్రీయంగా పనిచేశాను. మట్టి పరీక్షకు పంపాను, మట్టి బాగుందన్నారు. చెదల మందు పోశాను, చెదలు లేవు. ఒక మొక్క వేరు తవ్వి చూశాను, వేరు బాగానే ఉంది. వేరు చుట్టూ నేల ఎండి ఉందని చూశాను, కానీ మార్చిలో నేల ఎండక ఏం చేస్తుందని సరిపెట్టుకున్నాను. ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు దేవుడితో పోట్లాడిన మనిషికి ఆ వారంలో ఒక పొద్దున, కుళాయి దగ్గర ఒంటరిగా నిలబడి ఉండగా, "ఒకవేళ..." అనే మాట మనసులోకి వచ్చింది. ఆ మాటను పూర్తి చేయనివ్వలేదు. కానీ అది వచ్చింది.

సరిగ్గా అప్పుడే పైడమ్మ పార పట్టుకుని వచ్చింది.

"బాబూ, ఇటు రా. సూడు."

రాయి ఉన్న గుంట దగ్గర ఎండాకులను పారతో పక్కకు లాగింది. కింద జానెడు వెడల్పు కాలవ. గుంట నుంచి మొదలై, గోడ వెంట వెళ్ళి, రెండు పాయలై, ఒక్కో మొక్క పాదులోకి ఒక్కో చీలిక. చేత్తో గీసినట్టు సన్నని వాలు. ఎండిపోయి, పగిలి ఉంది.

"ఇదేమిటి?"

"నాను తీసినాను. తల్లి మీద పోసిన నీలన్నీ ఇలగ ఎల్లిపోతాయి. రోజుకి ఇంతమంది పోస్తే మొక్కకి సరిపోతాది. బోరు నేదు గదా మరి, నానొక్కదాన్ని ఎన్ని బిందెలు మొయ్యగలను?"

"మరి రాయి?"

"నానే పాతినాను. మా ఇంట్లో రుబ్బురోలు పొత్రం బాబూ అది. కొస ఇరిగిపోనాది. పారబోసీది ఎందుకని తెచ్చి ఎట్టినాను. మొక్కకి నీలు పొయ్యండర్రా అంటే ఒక్కత్తి పొయ్యలేదు. తల్లి ఎలిసినాదంటే అందరూ పోసినారు."

నేను ఆ గుంట ఒడ్డున గొంతుక్కూర్చుని కాలవలో చెయ్యి పెట్టి చూశాను. ఆ పార్కులో నాకంటే పెద్ద హేతువాది పార పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది.

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు పైడమ్మా?"

"నువ్వు సెప్పనిచ్చినావేటి? పావుగంట నువ్వే సెప్పినావు."

చెయ్యి దులుపుకుని అడిగాను. "నువ్వు ఆ రాయిని నమ్ముతావా?"

"దాంతోటి నాను మినపప్పు రుబ్బినాను బాబూ, నాకు తెలీదేటి?" అని పార మట్టిలో గుచ్చింది. "తెచ్చినప్పుడు పొత్రమే. ఇన్నేళ్ళు ఇంతమంది సల్లగా నీలు పోసినాక ఏటో మరి. నాను మాత్రం దాన్ని తన్నను."

కొత్తగా చేరే పిల్లలు ఇక్కడ ఒక నిమిషం ఆగండి. నా తప్పు రాయి తీయడం కాదు. అది తీయవలసిందే అని ఇప్పటికీ అంటాను. నా తప్పు, అది ఏ పని చేస్తోందో చూడకుండా తీయడం. మూఢనమ్మకం ఊరికే నిలబడదు. దాని కింద ఎక్కడో ఒక కాలవ ఉంటుంది. దాహమో, భయమో, తోడో, ఏదో ఒకటి దానిలోంచి పారుతూ ఉంటుంది. సంస్కర్త పైన పసుపును చూసి మండిపడి, కింద కాలవను పూడ్చి ఇంటికి పోతాడు. తరవాత మొక్క చస్తే జనం దేవతను తలుచుకోక సంస్కర్తను తలుచుకుంటారా?

తోమే గట్టు

"మళ్ళీ ఎట్టీమంటావా?" అంది పైడమ్మ, సామాన్ల గది వైపు చూపిస్తూ.

పెట్టడం తేలిక. తవుడమ్మ డప్పులు తెప్పించేది. మొక్కలు బతికేవి. కానీ రాయి ఉన్న రోజుల్లో ఇద్దరు మనుషులు వచ్చి, రేకుల షెడ్డు వేస్తే ఎంత స్థలం దొరుకుతుందని అడిగి వెళ్ళారని పైడమ్మే చెప్పింది. ఆమెకూ ఆ షెడ్డంటే భయమే. షెడ్డు పడేది ఆమె కానుగల మీదే.

"రెండు రోజులు ఆగు" అన్నాను.

ఆ రెండు రోజులూ పొద్దున్నే నేను చేసిన పని ఒకటే. కుళాయికి ఎదురుగా బల్ల మీద నోరు మూసుకుని కూర్చున్నాను. మా ఉద్యోగంలో ఇంతకంటే కష్టమైన పని లేదు. అప్పుడు కనిపించింది. ప్రతి ఆడమనిషీ బిందె నింపేముందు దాన్ని కడుగుతుంది. చింతపండుతో ఒకసారి తోమి, మూడుసార్లు నీళ్ళు పోసి తొలుపుతుంది. ఆ నీళ్ళు చెంబెడు కాదు, మూడు చెంబులు. అవన్నీ గేటు కింద నుంచి వీధి కాలవలోకి పోతున్నాయి. దేవతకు పోసిన దానికంటే బిందెకు పోసేదే ఎక్కువ! నమ్మకం లేకపోయినా బిందె మాత్రం ఎవరూ తోమకుండా ఉండరు.

పార్కులో విరిగిపోయిన నల్లరాతి బల్ల ఒకటి పడి ఉంది. దాని పలకను రాయి తీసిన చోట పరిచి, బిందెలు తోముకునే గట్టు కడదామన్నాను. వాలు కాలవ వైపు ఉండాలి. నేను రసమట్టం పెట్టి, కాగితం మీద లెక్కవేసి, పలకను సరిచేశాను. పైడమ్మ దాని మీద చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళు నేరుగా వెనక్కి వచ్చి నా చెప్పుల్లోకి దిగాయి.

"నీలకి నీ లెక్క తెలీదు బాబూ" అంది. పలక కింద ఒక మూలన రెండు పెంకులు దోపి, మళ్ళీ పోసింది. ఈసారి కాలవలోకి వెళ్ళాయి.

సబ్బు వాడకూడదు, చింతపండూ బూడిదా ఎంతైనా వాడండి అని చెప్పాం. బురదలో గొంతుక్కూర్చునే బాధ తప్పింది కాబట్టి ఆడవాళ్ళు గట్టు మీదికి వెంటనే ఎక్కారు. తవుడమ్మ మూడు రోజులు దూరంగా బురదలోనే తోమింది. నాలుగో రోజు, "మోకాళ్ళు నొప్పి" అని గొణుక్కుంటూ గట్టెక్కింది.

ఏడు మొక్కలు చచ్చిపోయాయి. మిగిలినవి పదిహేను రోజుల్లో చిగురేశాయి. ఆ ఏడింటినీ నా ఖాతాలోనే రాసుకోండి.

కమిటీ వచ్చిన పొద్దున

మే నెలాఖరుకు కమిటీ వస్తుందని కబురు. ఆ రోజు తెల్లవారగానే పార్కుకు వెళ్ళాను. కుళాయిని చూసి గేటు దగ్గరే ఆగిపోయాను.

కుళాయి స్తంభం అడుగు నుంచి పైదాకా పసుపు. మూడు కుంకుమ బొట్లు. తలకాయ మీద ఒక బంతిపువ్వు.

"ఇదేమిటి పైడమ్మా!"

"నాను కాదు బాబూ, ఈసారి నిజంగా నాను కాదు. తవుడమ్మ మొదలెట్టినాది. తల్లి రాయొదిలీసి కొలాయిలోకి వచ్చీసినాదంట."

తడి గుడ్డ తీసుకున్నాను. అయిదు మార్కులు! అంతకుముందు ఏడు ప్రోత్సాహక బహుమతి నాలుగు మార్కుల తేడాతో పోయింది. తుడవడానికి రెండు నిమిషాలు చాలు. గుడ్డ పిండి, కుళాయి దాకా వెళ్ళాను. అప్పుడు తీగ చుట్టిన ఆ పాత కుండీ గుర్తుకొచ్చింది. కమిటీ బండి రాకముందు తెచ్చి పెట్టిన కుండీకీ, కమిటీ బండి రాకముందు తుడిచేసిన పసుపుకీ తేడా ఏమిటి? ఉన్నది దాచడం, లేనిది చూపడం, రెండూ ఒకే బండిలో ప్రయాణిస్తాయి.

గుడ్డ గోడ మీద ఆరేశాను. పైడమ్మ నన్నూ, గుడ్డనూ, మొక్కలనూ వరసగా చూసింది. చీపురు తీసుకుని, అప్పటికే ఊడ్చిన చోటనే మళ్ళీ ఊడ్చింది.

కమిటీకి ఆ ఏడు పెద్ద రాజ్యలక్ష్మి గారు, విజయనగరంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. నవ్వని మనిషి. పచ్చిక చూశారు, బల్లలు చూశారు, రాసుకున్నారు. కుళాయి దగ్గరికి వచ్చి ఆగారు. అప్పుడే ఆడవాళ్ళు బిందెలతో గట్టు మీద ఉన్నారు. ఆమె పట్టీ తిరగేసి చదివారు.

"పూజలందుకొనే రాయి గాని, బొమ్మ గాని, మరే గుర్తు గాని... ఈ నిబంధన ఎవరు రాశారో గానీ, సందు లేకుండా రాశారు."

"నేనేనండీ" అన్నాను.

ఆమె కళ్ళద్దాల పైనుంచి చూశారు. "అయితే కోత వేయమంటారా?"

"నిబంధన ప్రకారం వేయవలసిందేనండీ."

పైడమ్మ చీపురు కింద పడేసింది. "ఏటి బాబూ, ఏటి తగ్గించీది? ఓ మేడమ్మా, ఇటు సూడు, ఇది దేవత కాదు. కొలాయి. తిప్పు, నీలొస్తాయి."

"మరి పసుపు ఎందుకమ్మా?"

"నీలిచ్చినోడికి బొట్టెడతాం గాని, కాయితం రాసినోడికి ఎడతామేటి?"

గట్టు మీద ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. తవుడమ్మ బిందె తోమడం ఆపి మరీ నవ్వింది. రాజ్యలక్ష్మి గారు నవ్వలేదు. ఆమె గట్టు వైపు చూస్తున్నారు. తవుడమ్మ బిందెలోంచి ఒలికిన నీళ్ళు పలక మీద జారి, కాలవలోకి దిగాయి. ఆమె ఆ నీళ్ళ వెంట నడిచారు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గోడ వెంట, పాయ చీలిన చోట ఆగి, చివరి పొగడ పాదు దాకా వెళ్ళారు. అక్కడ వంగి, మట్టి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపారు. తడి ఉంది.

వెనక్కి వచ్చి పట్టీలో "ప్రజల భాగస్వామ్యం" అనే గడి వెతికారు. దానికి పది మార్కులు. ఆ గడిలో ఏం రాయాలో అంతవరకు ఎవరికీ తెలియదు. మిగతా పట్టణాలవాళ్ళు బ్యానరు పట్టుకుని నడిచిన ఊరేగింపు ఫొటోలు చూపించేవారు, రెండో మూడో పడేవి.

"రోజూ ఎంతమంది వస్తారు?" అని అడిగారు.

"కాలనీ అంతా వస్తాది" అంది తవుడమ్మ. "ఎవలొచ్చినా రాకపోయినా బిందె తోమక తప్పుతాదేటి?"

ఆ గడిలో పది వేశారు. కింద నా గడిలో అయిదు కోశారు. రెండూ ఒకే సిరాతో, ఒకే నిబ్బరంతో. అంత నికార్సైన తీర్పరిని నేను మళ్ళీ చూడలేదు.

ప్రోత్సాహక బహుమతి వచ్చింది. ప్లాస్టిక్ ఆకుల చిన్న షీల్డు. కమిషనరు గారు దాన్ని మంచి ముహూర్తం చూసి గోడకు తగిలించారు. తగిలించడానికి చోటు కావలసి, నక్షా దిగింది. ఆ తరవాత అది వేరే స్థలం పేరుతో ఇంకో గోడ ఎక్కిందనుకోండి, అది వేరే కథ. పైడమ్మ మురిక్కాలవ జట్టులోకి వెళ్ళలేదు. కానుగలు ఇప్పుడు గోడ దాటాయి.

చివరగా

నేను అదే పట్టణంలో రిటైరయ్యాను. వీడ్కోలు సభ పార్కులోనే పెట్టమని అడిగాను. శాలువా కప్పారు, నా గురించి నాకు తెలియని మంచి మాటలు కొన్ని చెప్పారు. సభ అయ్యాక చివరిసారి కుళాయి దగ్గరికి వెళ్ళాను. పైడమ్మ అక్కడ ఉంది. కుళాయికి కొత్త పసుపు రాసి ఉంది. నన్ను చూసి లేచి, చెయ్యి ముందుకు చాపింది. వేలికి పసుపు, కుంకుమ.

ఒక అడుగు వెనక్కి వేశాను. "పైడమ్మా, నా సంగతి నీకు తెలుసు. నాకు ఇలాంటివి..."

"నీకెవలు పూజ సేస్తన్నారు బాబూ?" అంది పైడమ్మ. "కొలాయికి ఎట్టగా మిగిలినాది."

నేను వాదన వెతుక్కునే లోపల పెట్టేసింది. నుదుటి మీద చల్లగా తగిలింది. ఆమె వేలికి ఇంకా కుళాయి తడి ఉంది.